గుట్ట అమ్మి కొన్న బండి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. వారం దాటింది, తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈ జన్మలో ఒక్క ముక్కా రాయలేనని తెలిసి ఇప్పుడే మొదలుపెడుతున్నాను.

నాకో పాత పికప్ బండి ఉంది. షూటింగులకీ పెళ్ళిళ్ళకీ వంట చేసి పంపడం నా పని. గిన్నెలు మోసేది ఆ బండి. మొన్న దాని గేర్‌బాక్సులో కరకరమని చప్పుడు మొదలైంది. రోజూ చూసే మెకానిక్ విప్పి, లోపల ఒక చక్రం పళ్ళు అరిగిపోయాయి, బయట ఎక్కడా దొరకడం లేదు, షోరూంలో అడిగి చూడమన్నాడు. జూబ్లీహిల్స్‌లో అద్దాల షోరూం. లోపల ఏసీ చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. మెడలో బిళ్ళ వేసుకున్న కుర్రాడు కంప్యూటర్‌లో వెతికి, "ఈ మోడల్ ఆగిపోయింది మేడమ్, పార్టులు రావు. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. అంతవరకూ ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఇంకో మాటన్నాడు చూడండి. "ఒకసారి సార్‌ని అడిగి చెప్పండి మేడమ్."

ఏ సార్‌ని? మా ఆయనకి సైకిల్ తొక్కడం కూడా సరిగ్గా రాదు. "బండి నాది నాయనా, నన్నే అడుగు" అన్నాను. అన్నాననుకున్నాను గానీ, అరిచానట. అక్కడున్న వాళ్ళందరూ తిరిగి చూశారు. కుర్రాడి మొహం మాడిపోయింది. పాపం వాడికేం తెలుసు. ఆ అరుపు వాడి మీద కాదు, మా నాయిన మీద. ఆయన మీద అరవాల్సిన అరుపులు నా దగ్గర ఇంకా చాలానే మిగిలి ఉన్నాయి.

మాది షేక్‌పేట, పాత ఊరు వైపు. నా చిన్నప్పుడు మా గల్లీ దాటితే రాళ్ళు, రాళ్ళ మీద రాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. పైన ఫిల్మ్‌నగర్ అప్పుడప్పుడే లేస్తోంది. పొద్దున లేచేసరికి ఎక్కడో ఒకచోట రాయి పేలుస్తున్న చప్పుడు వినిపించేది. తాతకి, అంటే అమ్మ వాళ్ళ నాయినకి, ఆ రాళ్ళలోనే ఒక గుట్ట ఉండేది. వడ్లు పండవు, జొన్నలు పండవు, సీతాఫలాలు మాత్రం గంపలకొద్దీ కాసేవి. కోస్తా నుంచి వచ్చిన ఎవరో పెద్దమనిషి బంగళా కట్టుకుంటానని ఆ గుట్టని అడిగితే, రాళ్ళు కొనుక్కునే పిచ్చోళ్ళు కూడా ఉన్నారని ఊరంతా నవ్వింది. ఎవరు పిచ్చోళ్ళో ఇప్పుడు ఆ వీధిలో నడిచి చూస్తే తెలుస్తుంది.

తాత గుట్ట అమ్మి, కొడుకులకిచ్చినట్టే బిడ్డకీ ఒక పాలు ఇచ్చాడు. మా మేనమామలు మూతులు ముడుచుకున్నారు. చుట్టాలందరూ బంగారం చేయించుకోమని అమ్మకి చెప్పారు.

"బంగారం మెడల ఊగుతది, గంతే. బండైతే ఇంత కూడు పెడ్తది" అన్నది అమ్మ. సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి కొన్నది. బూడిద రంగు, పొడుగు ముక్కు, వెనక సామాను పెట్టుకోవడానికి ఇనుప డాలా. కొన్న మొదటి రోజే పెయింటర్‌ని పిలిపించి ఆ డాలా వెనక తలుపు మీద ఒక సీతాఫలం బొమ్మ వేయించింది. వాడు వేసింది సీతాఫలంలా ఉందో, పైనాపిల్‌లా ఉందో అని గల్లీలో పెద్ద వాదన నడిచింది. అమ్మ మాత్రం రోజూ తడిగుడ్డతో దాన్ని తుడిచేది. మా ఇంట్లో అమ్మ తుడిచిన దేవుడి పటం కూడా లేదు, పటాలు తుడవడం నాయిన పని.

నాయిన ఆ బండికి డ్రైవరు. స్టీరింగ్ పట్టుకుంటే మంచి పనిమంతుడే, కాదనను. కానీ ఆయనకి సినిమా పిచ్చి. జేబులో దువ్వెన, మెడకి రుమాలు. ఏ హీరో ఎలా నడుస్తాడో ఆ వారమంతా ఆయన అలాగే నడిచేవాడు. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియదు గానీ ఏ హీరోకి ఏ కూర ఇష్టమో తెలుసు.

అమ్మ ఫిల్మ్‌నగర్ షూటింగులకి వంట చేసి పంపేది; తెల్లారకముందే మా వాకిట్లో పెద్ద పొయ్యిలు మూడూ వెలిగేవి. పప్పు పొంగే వాసన, ఇంగువ పోపు వాసన, వాటి మధ్యలోంచి నాయిన బండి స్టార్ట్ చేయగానే డీజిల్ పొగ. ఈ మూడు వాసనలు కలిస్తే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. యూనిట్‌లో సగంమంది కోస్తావాళ్ళు కాబట్టి అమ్మ వాళ్ళ కోసం ముద్దపప్పు, గోంగూర పచ్చడి వాళ్ళ పద్ధతిలో నేర్చుకుంది. కానీ వాళ్ళు ఎగబడింది మా పచ్చిపులుసుకే. ప్రొడక్షన్ మేనేజరు, భీమవరం వైపు మనిషి, చెయ్యి కడుక్కుంటూనే అడిగేవాడు: "ఏమ్మాయ్, మీ అమ్మగారు ఆ చల్లటి పులుసు పంపారా లేదా? లేకపోతే ఇవాళ మా కెమెరామన్ కెమెరా ముట్టుకోడు."

బడి లేని రోజుల్లో వెనక డాలాలో గిన్నెల మధ్య కూర్చోవడం నా పని. ఎత్తు ఎక్కేటప్పుడు సాంబారు గిన్నె మూత రెండు చేతులా నొక్కి పట్టుకోవాలి. ఆ ఎత్తులో అప్పడాల గంప నా కాళ్ళ దగ్గరికి జారి వచ్చేది. అది జారి వస్తే నేనేం చేయను? తినేదాన్ని. కిందికి దిగేసరికి మూతి నిండా నూనె. "ఎలుకలు పడ్డయా బండ్ల?" అని అమ్మ నా మొహం చూస్తూ అడిగితే, "పడ్డయే, పెద్దవి" అని నాయిన నా తరఫున చెప్పేవాడు. ఆ రోజుల్లో నాకు నాయినంటే ప్రాణం. అది కూడా రాయాలి కదా.

ఆ ఎండాకాలం బండి గేర్‌బాక్సు పోయింది. రెండో గేరు వేస్తే పడదు, పడినా నిలవదు. రోడ్డు చదునుగా ఉంటే పరవాలేదు. మా దారి మొత్తం గుట్టే. మొదటి గేరులోనే మూలుగుతూ పాకుతూ ఎక్కేసరికి ఇంజన్ మరిగిపోయేది. మధ్యలో ఆపి నీళ్ళు పోసి, చల్లారాక మళ్ళీ ఎక్కించాలి. పైన షూటింగులో లంచ్ బ్రేక్ చెప్పేస్తారు, అందరూ చేతులు కడుక్కుని కూర్చుంటారు, అన్నం రాదు. రెండుసార్లు అలా అయ్యాక మేనేజరు మొహమాటం లేకుండా చెప్పాడు: "అక్కగారూ, మీ చేతి వంటకి వంక లేదు. కానీ ఆకలి మీద ఉన్న లైట్‌బాయ్‌కి ఆ మాట చెప్పలేను. బండి బాగుచేయించుకోండి, లేదా వేరేవాళ్ళని చూసుకుంటాను." అమ్మ వంట గుట్ట ఎక్కాలంటే ఆ గేరు పడాలి. లేకపోతే పొయ్యిలు ఆర్పుకోవడమే.

పార్టు కోసం ఊరంతా తిరిగాం. ఆ బండి తయారీ అప్పటికే ఆగిపోయింది. అరిగిపోయిన గేరు చక్రాన్ని అమ్మ ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. రాణిగంజ్‌లో దుకాణం దుకాణం ఎక్కి, మూత తీసి చూపించేది. టిఫిన్ ఏదో పెడుతుందనుకుని ఒక సేటు చెయ్యి కూడా చాపాడు. పుత్లీబౌలిలో పాత సామాన్ల కుప్పల మీద చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఇనుము మీద ఇనుము పెట్టి పళ్ళు సరిచూసుకుంటూ అమ్మ తిరుగుతుంటే, నాయిన బయట టీ కొట్టు దగ్గర పోస్టర్లు చూస్తూ నిలబడేవాడు. అప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

చివరికి టోలిచౌకిలో మా బండి చూసే మెకానిక్, అందరూ ఉస్తాద్ అని పిలిచే ముసలాయన, టిఫిన్ డబ్బా మూత పెట్టేశాడు. "ఫికర్ చెయ్యకు అక్కా. కానీ ఇది దుకాణంల దొరకది. గీ మోడల్‌దే సచ్చిపోయిన బండి ఒకటి దొరకాలె. దాని కడుపులకెళ్ళి గేరు డబ్బా తీసి దీంట్ల పెడ్త. అప్పుడు మీ బండి గుర్రం లెక్క ఎక్కుతది."

చచ్చిపోయిన బండి మా కాళ్ళ దగ్గరికే వచ్చింది. మేనేజరు ఒకరోజు మా బండి చుట్టూ తిరిగి చూసి, తీస్తున్న సినిమాలో హీరో నడిపేది అచ్చం ఇలాంటి బండేనని చెప్పాడు. క్లైమాక్స్‌లో అది లోయలో పడాలి. పడేయడానికి ఇంజన్ పట్టేసిన పాత బండి ఒకటి తుక్కులో కొని పెట్టారు. హీరో కూర్చుని నడిపే షాట్లకి మాత్రం నడిచే బండి కావాలి. కొన్నాళ్ళు మీది ఇవ్వండి, ఆ చచ్చిన బండి గేర్‌బాక్సు మీరు విప్పుకోండి, ఎలాగూ పడిపోయేదేగా అన్నాడు.

ఆ మాట అమ్మనే అడిగాడు. అమ్మ ఆలోచించి ఒప్పుకుంది. "నా బండి మీద గీత పడొద్దు సారూ. పడ్డదా, మీ యూనిట్ మొత్తానికి ఉప్పు లేని పప్పే" అన్నది. ఆయన నవ్వి, చేతులు జోడించాడు.

రెండు బళ్ళకీ ఎర్ర రంగు వేశారు. సినిమావాళ్ళకి కంటిన్యుటీ అని ఒక పట్టింపు ఉంటుంది. ముందు షాట్‌లో బొత్తాం ఊడితే వెనక షాట్‌లోనూ ఊడే ఉండాలి. అందుకని మా బండి మీదున్న ప్రతి సొట్టనీ చచ్చిన బండి మీద సుత్తితో కొట్టారు. మా నంబరే దానికీ రాశారు. డాలా వెనక సీతాఫలం కూడా దించేశారు, పైనాపిల్‌లా ఉన్న ఆ వంకరతో సహా. రెండూ పక్కపక్కన నిలబెడితే నేనే గుర్తుపట్టలేకపోయాను. అమ్మ మాత్రం చూపు తిప్పకుండా మా బండి దగ్గరికే వెళ్ళి నిలబడింది. "ఎట్ల గుర్తువట్టినవమ్మా?" అంటే, "నా బండి నాకు తెల్వదానే?" అన్నది.

ఉస్తాద్ గేర్‌బాక్సు మార్చాడు. కొత్త డబ్బాకి పాత గేరు కర్ర సరిగ్గా కుదరలేదు. కొంచెం పైకి లాగి, ఎడమకి తోసి, అరచేత్తో ఒక గుద్దు గుద్దితేనే రెండో గేరు పడేది. అది నాయినకి తప్ప ఎవరికీ లొంగేది కాదు. మొదటి రోజు అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఎత్తు మొదలయ్యే చోట నాయిన గుద్దు గుద్దాడు. గేరు పడింది, బండి ఆగకుండా పైకి ఎక్కేసింది. అమ్మ చప్పట్లు కొట్టింది. తాత గుట్ట ఉన్నచోట బండి ఆపించి దిగింది. అక్కడ పెద్ద గేటు, లోపల బంగళా. వాచ్‌మన్ వచ్చి "ఎవరమ్మా, ఇక్కడ ఆపొద్దు" అంటే, "మా నాయిన గుట్ట అయ్యా ఇది. పోతున్నలే, గుట్ట నా ఎనకనే వస్తది" అని డాలా మీది బొమ్మ చూపించి నవ్వింది. అమ్మ అలా పగలబడి నవ్వడం నేను చూసింది చాలా తక్కువ.

ఆ తర్వాత లోయ షాట్ వచ్చింది. ఆ రోజు అమ్మకి జ్వరం. వంట చేసి పడుకుంది. నాయిన, నేను భోజనాలు తీసుకెళ్ళాం. ఫిల్మ్‌నగర్ వెనక బండల మీద క్రేన్, కింద లోయలాంటి పల్లం. అందరూ తిన్నారు. సాయంత్రం షాట్ పెట్టారు. చచ్చిన బండిని పైనుంచి తోశారు. అది నాలుగు గంతులు వేసి, అంచుకి ఇవతలే రెండు బండల మధ్య ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. ఇంకోపక్క ఎండ దిగిపోతోంది. ఫైట్ మాస్టర్ టోపీ నేలకేసి కొట్టాడు. "లైట్ పోతోంది, లైట్ పోతోంది" అని అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. అప్పుడు ఎవరి కళ్ళు ముందు పడ్డాయో తెలియదు, ఒక్కొక్కరే తిరిగి మా బండి వైపు చూశారు.

మేనేజరు నాయిన దగ్గరికొచ్చాడు. "ఏవయ్యా, ఇరుక్కున్న ఆ బండి మీకే ఇచ్చేస్తాం. బాడీ బాగానే ఉంది. రెండూ ఒకేలా ఉన్నాయిగా!"

రెండూ ఒకేలా ఉన్నాయట. వాళ్ళు వేసిన రంగు వాళ్ళనే నమ్మించింది.

నాయిన వెంటనే సరే అనలేదు, అది చెప్పాలి. తల గోక్కున్నాడు. తోస్తే మళ్ళీ ఇరుక్కుంటుందని, ఈసారి నడిపి దూకించడానికి స్టంట్ మనిషి ఎక్కి ప్రయత్నించాడు, రెండో గేరు పడలేదు. అప్పుడు హీరో వచ్చాడు. పెద్ద హీరో. నాయిన భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, ఈ గేరు నీకు తప్ప రాదంట. నువ్వే నడిపి, అంచు ముందు దూకెయ్. నా చొక్కా వేసుకో" అన్నాడు. అంతే. మా నాయిన మొహం చూడాలి అప్పుడు. పెళ్ళిలో కూడా అలా వెలిగి ఉండదు.

గిన్నెలు దించండి అన్నారు. నేను డాలాలోంచి దిగలేదు. ఎవరో చంకలో చెయ్యి వేసి నన్నూ దించారు, సాంబారు గిన్నె పక్కన పెట్టారు. నాయిన హీరో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. పరిగెత్తి ఆ చొక్కా పట్టుకున్నాను.

"నాయినా, అమ్మనడిగినవా?"

"అడుగుదాంలే బిడ్డా."

"పడేసినంక అడుగుతవా?"

"జర ఆగు, చొక్కా నలుగుతది" అన్నాడు.

ఆయన అన్న మాట అదే. చొక్కా నలుగుతది. వయసు మళ్ళాక మనిషి చాలా మాటలు మరిచిపోతాడంటారు. నేను మరిచిపోను.

అరచేత్తో గుద్దాడు. గేరు పడింది. బండి దూసుకెళ్ళింది. అంచు ముందు ఎర్ర తలుపు తెరుచుకుని నాయిన దొర్లాడు. బండి గాలిలోకి లేచి తిరగబడింది. నాకు ఆఖరికి కనిపించింది దాని వెనక తలుపు, ఆ వంకర సీతాఫలం. తర్వాత చప్పుడు. ఆ వెంటనే చప్పట్లు. యూనిట్ మొత్తం నాయినని భుజాల మీదికి ఎత్తుకుంది. ఏడుస్తున్న నన్ను చూసి మేనేజరు, "ఏమ్మాయ్, మీ నాన్న ఇవాళ హీరో! ఆ ఏడుపు మొహం ఏంటి?" అని గడ్డం పట్టుకున్నాడు. ఆ చెయ్యి కొరికాను. బాగా కొరికాను. పళ్ళు దిగాయి. సంతోషం.

కంపెనీ వ్యాన్‌లో గిన్నెలతో సహా ఇంటికి దింపారు. అమ్మ జ్వరంతోనే వాకిట్లోకి వచ్చింది. నాయిన మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతుంటే ముందు అదే చూసింది. పసుపు తెచ్చి అద్దుతూ అడిగింది.

"బండేది?"

నాయిన చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో నసిగాడు. చెప్తూ చెప్తూ ఊపొచ్చింది. హీరో భుజం మీద ఎలా చెయ్యి వేశాడో, గేరు ఎలా పడిందో చెప్పి, లేచి నిలబడి దూకడం కూడా చేసి చూపించాడు. అమ్మ పసుపు చేత్తో అలాగే చూస్తోంది.

"నన్ను అడిగినవా?"

"టైం యాడుందే? లైట్ పోతుండె."

"లైట్ పోతుండెనా?" అన్నది అమ్మ. "లైటు తెల్లారి మల్ల వస్తది. నా బండి వస్తదా? సొమ్మొకడిది, సోకొకడిది! మా నాయిన గుట్ట ఇచ్చిండు నాకు, నీకు గాదు. దాన్ని నువ్వు చొక్కా తొడుక్కోని పోయి పడేసి వస్తివి. నేను మనిషిని గానా? ఒక్క మాట, ఒక్క మనిషిని పంపి అడగరాదా? ఇయ్యను అంటనని భయమా?"

"అంటవనే గదా" అన్నాడు నాయిన.

అమ్మ చేతిలో మిగిలిన పసుపు గోడకేసి కొట్టింది.

ఇరుక్కున్న బండిని మర్నాడు క్రేన్‌తో లాగి మా వాకిట్లో దింపారు. ఉస్తాద్ మనుషుల్ని వెంటేసుకుని, తాళ్ళు కట్టుకుని పల్లంలోకి దిగాడు. మా బండి పైకప్పు అప్పడంలా నలిగిపోయినా లోపల ఇంజన్‌కి ప్రాణం ఉందట, గేర్‌బాక్సు చెక్కు చెదరలేదట. రెండూ పైకి తెచ్చి ఈ బండిలో బిగించాడు. అమ్మ వంట మళ్ళీ గుట్ట ఎక్కింది. "చూసినవా, బండి వచ్చింది గదనే, ఇంకేంది?" అన్నాడు నాయిన. అమ్మ ఒక కత్తిపీట తెచ్చి, ఆ బండి డాలా మీదున్న సీతాఫలాన్ని తెల్లని ఇనుము కనిపించేదాకా గీకేసింది. ఆ సీట్లో మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు.

గల్లీలో మాత్రం నాయిన హీరో. పొద్దుగూకితే చాలు, అరుగు మీద జనం. "మల్ల చెప్పన్నా, ఎట్ల దూకినవ్?" ఆయన మళ్ళీ దూకి చూపించేవాడు. లోపల అమ్మ రేపటి పప్పు ఏరుతూ ఉండేది.

సినిమా వచ్చింది. నాయిన కొత్త చొక్కా వేసుకుని మమ్మల్ని తీసుకెళ్ళాడు. అమ్మ రాదనుకున్నాను. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ముందే బయల్దేరింది. క్లైమాక్స్‌లో ఎర్ర బండి దూసుకొచ్చింది. తలుపు తెరుచుకుంది, ఒక చొక్కా దొర్లింది, మొహం కూడా కనిపించలేదు. బండి గాలిలో తిరిగింది. తెర మీద గుటక మింగినంత సేపు. హాలంతా ఈలలు. నా పక్క నుంచి కూడా ఈల. చూస్తే నాయిన. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, కళ్ళు మెరుస్తూ, తనకి తనే ఈల వేసుకుంటున్నాడు.

అమ్మ లేచి, "పా" అన్నది నన్ను. మేమిద్దరం చీకట్లో కాళ్ళు తొక్కుకుంటూ బయటికొచ్చాం. నాయిన రాలేదు.

"నీకు కోపమే గదా, మల్ల ఎందుకొచ్చినవమ్మా?" అని అడిగాను.

"ఇంట్ల ఎవలన్న సస్తే పీనుగునన్న చూస్తం బిడ్డా. దాన్ని నేను చూడలే. ఒక్కపారి చూసుకుందమని వచ్చిన" అన్నది.

హాలు మెట్ల మీద కూర్చున్నాం. నాయిన శుభం పడేదాకా చూసే బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున గిన్నెలు ఎక్కించాక నాయిన బండి తాళంచెవి కోసం మేకు మీద తడిమాడు. లేదు. అమ్మ బొడ్లో దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది.

"తాళంచెవి ఇయ్యి."

"అడుగు" అన్నది అమ్మ.

"అడుగుతనే ఉన్న గదనే."

"గట్ల గాదు. బండి తీస్కపోవాల్నా అని అడుగు."

నాయిన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. సాంబారు చల్లారుతోంది. నాయిన నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "బండి తీస్కపోవాల్నా?" అన్నాడు. "తీస్కపో" అని అమ్మ తాళంచెవి ఇచ్చింది. సాయంత్రం బండి ఆపగానే చెయ్యి చాపి మళ్ళీ తీసుకుంది.

ఆ తర్వాత రోజూ అదే. పండగైనా, వానైనా, చుట్టాలున్నా. ఆ బండి పోయి ఇంకో బండి వచ్చింది, అది కూడా పాతబడింది. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అమ్మ పొయ్యి ముందు కూర్చోవడం, నాయిన వచ్చి అడగడం మారలేదు. బయట దాన్ని తమాషా చేసి చెప్పుకునేవాడు, "మా ఇంట్ల ఆర్టీఓ ఆఫీసు పొయ్యి కాడ ఉంటది" అని. అన్నేళ్ళు అడిగాడు, ఇంకా ఏం కోపమే నీకు అని మా అక్కచెల్లెళ్ళ వరసవాళ్ళు నన్ను తిడతారు. అడిగాడు, నిజమే. తప్పైంది అన్న ఒక్క మాట అనాల్సి వస్తుందని, రోజూ తాళంచెవి అడిగి సరిపెట్టుకున్నాడు. అమ్మకి ఆ తేడా తెలుసు. అందుకే ఒక్కరోజు కూడా అడగనక్కరలేదు పో అనలేదు.

అమ్మ పోయింది. దినాలు అయ్యాక మళ్ళీ షూటింగ్ వంట ఒప్పుకుని నేనే పొయ్యిలు వెలిగించాను. తాళంచెవి నా బొడ్లో ఉంది. గిన్నెలు ఎక్కించారు. నాయిన, జుట్టంతా నెరిసిపోయి, వచ్చి ఎప్పటిలాగే పొయ్యి ముందు నిలబడ్డాడు. అమ్మ కూర్చునే పీట ఖాళీగా ఉంది. అది చూసి, అడగకుండా నా వైపు చెయ్యి చాపాడు.

నా ఒళ్ళంతా భగ్గుమంది. "అడుగు" అన్నాను.

నాయిన చెయ్యి అలాగే ఉంది. పీట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"ఎవర్నడగాలె బిడ్డా?" అన్నాడు.

తాళంచెవి బొడ్లో ఇంకా లోపలికి దోపుకున్నాను. ఇవ్వలేదు. ఆ పూట అన్నం ఆటోలో గుట్ట ఎక్కింది. ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. ఆ పూట నేను చేసింది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.